రిపీటరు ఆగిపోయిన పొద్దు

రెండు జిల్లాలకు గొంతునిచ్చినవాణ్ని నేనేనని ఎండుచేపల బేరానికొచ్చిన ప్రతివాడికీ చెబుతుంటాను. నిజానికి నేను చేసిందల్లా శృంగవరపుకోట పక్క కొండ మీద ఒక రిపీటరు పెట్టడం. చేతి వైర్‌లెస్ సెట్టు నుంచి వచ్చే సన్నటి మాటను అందుకుని దూరానికి విసిరే పెట్టె అది. నరసన్నపేట దగ్గర కొండ మీద మా బావ, అంటే నా భార్య అన్న, మేము అప్ప అని పిలిచే మా అక్క మొగుడు కూడా, ఇంకొకటి పెట్టాడు. రెంటినీ కలపడానికి సర్కారు అనుమతి కావాలి. వచ్చింది, షరతులతో. ఎవరైనా ఆపకుండా మాట్లాడుతూ పోతే రిపీటరు తనంతట తానే ఆగిపోవాలి. మళ్లీ తెరిచే అధికారం లైసెన్సున్న నాదే. ఇంట్లోంచి ఫోను ద్వారా తెరిచేవాణ్ని.

ఆ తుఫానుకు ఫోన్లు పోయాయి. వేటకెళ్లిన మా చిన్న బావమరిది పడవ తిరిగి రాలేదు. గాలి తగ్గిన పొద్దున నేనూ నా భార్యా సెట్టు ముందు కూర్చున్నాం. బావ గొంతు వచ్చింది.

"బావా, తిన్నావేటి? సెల్లి ఎలాగున్నాది? ఏడవొద్దని సెప్పు. మీ ఇంటి రేకులు ఎగిరిపోనేదు గదా? గేదె బతికున్నాదా?"

"ముందు తమ్ముడి సంగతి సెప్పన్నా!" అని నా భార్య అరిచింది. అవతలివాడు బటన్ నొక్కి ఉన్నంతసేపూ ఇవతలి మాట చేరదు. కొంప మునుగుతున్నా తిండి సంగతి అడగందే అసలు మాట ఎత్తని మనుషులం మేము.

"మీ అప్ప కూడా అడగమంటన్నాది. మరేటంటే బావా, తమ్ముడి పడవని..."

టక్కున ఆగిపోయింది.

కూలిన చెట్ల మీదుగా పాక్కుంటూ కొండెక్కి రిపీటరు తెరిచానని ఊరంతా చెప్పాను. చేతి మీద గీతలు కూడా చూపించాను. అవి ఇంటి రేకు గీసుకున్నవి. కొండ మొదట్లోనే దారి మూసుకుపోయి ఉంటే వెనక్కి వచ్చేశాను.

మా ఊరి ఫోను టవరు పనిచేసేసరికి సాయంత్రమైంది. రిపీటరు తెరవగానే బావ మాట: "కళింగపట్నం లైటుహౌసుకి తిన్నగా తమ్ముడి పడవని సూసారంట. ఇంజను ఆగిపోనాది. దక్షిణానికి కొట్టుకుపోతన్నాడు. ముక్కాం వోళ్లకి సెప్పు."

ముక్కాం మా జిల్లా ఒడ్డు. అక్కడ ఫోన్లు ఇంకా రాలేదు, మోటారుసైకిలు మీద మనిషిని పంపాను. కబురందేసరికి చీకటి పడింది. మర్నాడు పడవ దొరికింది, బోర్లా పడి. వాడు దొరకలేదు.

"నిన్న పొద్దున తెలిసుంటే ఎల్లేవోళ్లం" అన్నారు ముక్కాం వాళ్లు.

షరతు తప్పని నేననను. అదే లేకపోతే ఒక్కడి నోరు చాలు, రెండు జిల్లాల మాట మూసెయ్యడానికి. బావ ఇప్పుడు సెట్టులోకి వస్తే రెండు ముక్కలు చెప్పి బటన్ వదిలేస్తాడు. మొన్న ఉండబట్టలేక నేనే అడిగాను, "తిన్నావేటి బావా?" అని.



"అది కట్టయిపోద్ది బావా," అన్నాడు. "పని సెప్పు."