ఆగి ఆగి నడిచిన పెళ్ళి

మొన్న మధ్యాహ్నం భోజనం చేసి, నెల కిందట జరిగిన మా చెల్లె కూతురి పెళ్ళి వీడియోను ఫోన్‌లో పెట్టుకుని కూర్చున్నానో లేదో, ప్లేయర్ మధ్యలో టక్కున ఆగి, డబ్బు కట్టి పెద్ద వెర్షన్‌కు మారితే ఏ రకం వీడియో అయినా అడ్డం లేకుండా చూపిస్తానంది. పక్కనున్న మనవరాలు "కట్టకు నానమ్మా, ఇంకోదాంట్ల ఊకెనే వస్తది" అని తన దారిన పోయింది. నాకు మాత్రం వేలు తెరమీదే ఆగిపోయింది. ఇరవై ఏళ్ళు దాటింది, ఇదే మాట ఒక కంప్యూటర్ నన్ను అడిగింది, నేను కట్టాను, కట్టినది పనిచేస్తుందో లేదో తేల్చుకునేలోపు పటాన్‌చెరు అంతా గగ్గోలెత్తింది.

అప్పట్లో మేము కేబుల్ టీవీ నడిపేవాళ్ళం. స్తంభాలెక్కి వైర్లు లాగడం మా ఆయన పని. సంగారెడ్డిలో కంప్యూటర్ కోర్సు చేసిన పాపానికి మేడమీది కంట్రోల్ రూము నా నెత్తిన పడింది. మీ ఊళ్ళోనూ ఉండే ఉంటుంది అలాంటి లోకల్ ఛానెల్: మధ్యాహ్నం ఒక సినిమా, రాత్రి ఇంకొకటి, సందులో పుట్టినరోజు శుభాకాంక్షలు, ఎవరింట్లో పెళ్ళయితే వాళ్ళ పెళ్ళి క్యాసెట్టు. సెకండ్ షిఫ్టు పడి పెళ్ళికి పోలేని వాళ్ళు ఆ క్యాసెట్టు చూసి, మర్నాడు బస్టాపులో పెళ్ళివారిని పలకరించేవారు. ఫ్యాక్టరీల వాసన కాస్త తగ్గిన పూట కిటికీ తెరుచుకుని, నేను ఆ గదిలో ఒక్కదాన్నే రాజ్యమేలేదాన్ని.

మా చిన్నమ్మ, అంటే మా అమ్మ చెల్లెలు, అక్కడికి దగ్గర్లోనే ఒక మందుల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పనిచేసేది. చిన్నవయసులోనే చిన్నాయన పోతే, హత్నూర వైపు ఉన్న అత్తగారి ఊరు వదిలి, కిరాయి గదిలో ఉంటూ ఒక్కగానొక్క కూతుర్ని పెంచింది. ఆ కూతురే ఈ చెల్లె. పెళ్ళి మాత్రం చిన్నమ్మ అత్తగారి ఊళ్ళోనే చేశారు. పీటల మీద చిన్నాయన అన్నా వదినా కూర్చున్నారు. ముహూర్తం దగ్గరపడగానే చిన్నమ్మ ఎవరూ చెప్పకుండానే లేచి, సామాన్ల గదిలోకి వెళ్ళి, ఆకులూ వక్కలూ సర్దుతూ కూర్చుంది. భర్త లేని మనిషి ఆ ఘడియలో ఎదుట ఉండకూడదట. మేళం జోరందుకున్నప్పుడు తలుపు సందులోంచి కూడా చూడలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

పెళ్ళయిన కొన్నాళ్ళకు వీడియో చేతికొచ్చింది. చిన్నమ్మ మేడమీదికి వచ్చి, గది నిండా వైర్లు చూసి బెదురుతూ గడపలోనే నిలబడి అడిగింది: "బిడ్డా, పుస్తె గట్టేది ఒక్కటి జూపియ్యి. మిగిలినయి నాకొద్దు. నువ్వూ నేనే ఉండాలె, ఇంకెవ్వరు వద్దు."

తీరా చూస్తే ఆ ఫోటోగ్రాఫర్ కొత్త రకం కెమెరాతో తీసి, కొత్త రకంగా సీడీలో ఎక్కించి ఇచ్చాడు. నా కంప్యూటర్‌లో పెడితే మేళం వినిపిస్తుంది, తెర మాత్రం నల్లగా ఉంటుంది. చిన్నమ్మకు సామాన్ల గదిలో వినిపించింది కూడా అంతే కదా! చూస్తూ చూస్తూ ఆమెకు రెండోసారి అదే పెట్టడమా? డబ్బు కట్టి ప్లేయర్‌ను మార్చుకుంటే ఈ రకం కూడా ఆడుతుందని తెరమీద రాసి ఉంది. చేతికి ఒక డబ్బా రాదు, కాగితం రాదు, గాలికి డబ్బు కడతావా అని మా ఆయన సణిగారు. అయినా పట్టుబట్టి సంగారెడ్డి కంప్యూటర్ దుకాణం ద్వారా కట్టించాను. ఆ దుకాణం అతను ఫోన్‌లో అక్షరాలు, అంకెలు ఒక్కొక్కటే చదువుతుంటే కొడుతూ పోయాను. చివర్లో ధన్యవాదాలు అని వచ్చింది గాని, మోసపోయామేమోనన్న గుబులు మాత్రం పోలేదు.

మర్నాడు సాయంత్రం డ్యూటీ దిగి చిన్నమ్మ వస్తానంది. పొద్దున్నుంచి నాకు కాలు నిలవలేదు. ముందు పాత సీడీలు వేసి చూశాను, ఆడాయి. హైదరాబాదు నుంచి తెచ్చిన వేరే రకాలు వేశాను, అవీ ఆడాయి. ఇక పెళ్ళి సీడీ పెట్టాను. బొమ్మ వచ్చింది! ఆనందంతో కుర్చీలోంచి లేచాను. కానీ పుస్తె కట్టే చోటికి రాగానే బొమ్మ బిగుసుకుపోయింది, మేళం ముందుకెళ్ళిపోయింది. వెనక్కి తిప్పాను. ఈసారి బొమ్మ కదిలింది, మేళం వెనకబడింది. ఏదో సెట్టింగు మార్చి మళ్ళీ తిప్పాను. చిన్నమ్మ అడిగింది ఆ ఒక్క ముక్కే, ఆ ముక్కే నన్ను ఏడిపించింది. ఫోన్ ఒకటే మోగుతోంది. కేబుల్ రావట్లేదని ఎవరో అయుంటారని విసుక్కుని ఎత్తలేదు. ఎట్టకేలకు మేళమూ బొమ్మా కలిసి సాఫీగా నడిచిన క్షణంలో మా ఆయన రొప్పుతూ మెట్లెక్కి వచ్చారు.

"ఏం జేస్తున్నవే? ఊరంత సూస్తున్నరు! ఆ పిల్లకు ఎన్నిసార్లు పెండ్లి జేస్తవ్?"

పరీక్ష చేసేటప్పుడు ఊరికి పోయే వైరు పీకాలి. ఆ ఆరాటంలో పీకడం మరిచాను. మధ్యాహ్నం సినిమా కోసం కూర్చున్న జనానికి, మా చెల్లె మెడలో ఒకటే పుస్తె అదేపనిగా కట్టి చూపించాను. అంతలో క్యాంటీన్ గుర్తొచ్చింది. అక్కడి టీవీకీ మాదే కనెక్షన్. ఎవ్వరూ వద్దన్న మనిషికి, అన్నం వడ్డించే చోట, వందమంది ఎదుట చూపించేశాను!

సాయంత్రం చిన్నమ్మ వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. క్షమించమని నోరు తెరవబోతే నా చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్ళు పచ్చగా ఉన్నాయి.

"నా బిడ్డేనని ఎట్ల తెలిసిందో ఏమో, అందరు తినుడు ఆపిన్రు. మా వంటాయన బస్తాలకెల్లి బియ్యం దీసి పసుపు కలిపిండు. నా తోటి ఆడోళ్ళు నా చేతుల వోసిన్రు. వద్దన్న, ఇనలే. టీవీ మీదనే ఏసిన బిడ్డా. పుస్తె గట్టినప్పుడల్ల ఏసిన."

అంత సాఫీగా సిద్ధం చేసి పెట్టిన వీడియోను ఇక చూడనంది. అవసరం లేదంది. ఇద్దరం చాయ్ తాగుతూ ఏడ్చాం, తర్వాత తెగ నవ్వుకున్నాం.

ఇప్పుడు కేబుల్ ఆఫీసు లేదు, లోకల్ ఛానెల్ లేదు. డబ్బు కడితే ఆడని వీడియో అంటూ లేదు. క్యాంటీన్లలో ఎవరి ఫోన్ వాళ్ళు చూస్తూ తింటారట. అన్నీ మారాయనుకుంటూనే నెల కిందట చెల్లె కూతురి పెళ్ళికి వెళ్ళాను. ముహూర్తం దగ్గరపడగానే, ముసలిదైన చిన్నమ్మ కర్ర పట్టుకుని మెల్లగా లేచింది. ఈసారీ ఎవరూ పొమ్మనలేదు. మండపంలో ఉన్న చెల్లె చూసింది గాని లేవలేని ఘడియ. నేనే గుప్పెడు అక్షింతలతో వెంటపడి, గుమ్మం దగ్గర ఆపి, ఆమె చేతిలో పోశాను. అక్కడినుంచే విసిరింది. మండపం దాకా పోలేదు, వెనక కుర్చీల మీద రాలాయి.

మొన్న వీడియో ఆగిన ఆ పూటే మనవరాలికి చెప్పకుండా డబ్బు కట్టేశాను. వీడియో ఎక్కడా ఆగకుండా, అద్దంలా ఆడింది. వెనక్కి తిప్పి తిప్పి చూశాను. కెమెరా అంతసేపూ పుస్తెనే చూసింది. గుమ్మం దగ్గర చిన్నమ్మ విసిరిన అక్షింతలు అందులో లేవు.