పంటి కింద వడ్లగింజ

ఆ రోజుల్లో మా క్యాంపులో (కాలువ కింద భూములు కొనుక్కుని కోస్తా నుంచి వచ్చినవాళ్ళ ఊళ్ళన్నీ ఈ రాయచూరు వైపు క్యాంపులే) పదో తరగతి తప్పడం పెద్ద విశేషం కాదు. తప్పినవాడు మగపిల్లాడైతే ఏ పనిలో పెడుతున్నారని అడిగేవారు. ఆడపిల్లయితే ఏమీ అడిగేవారు కాదు, ఇంట్లోనే ఉంటుందని అందరికీ తెలుసు. నాకు తోడుగా బడికి పంపొచ్చని అక్కని ఏడాది ఆపి నాతోనే చేర్పించారు కాబట్టి, ఆ తప్పడమేదో ఇద్దరం ఒకే ఏడు, ఒకే లెక్కల పరీక్షలో తప్పాం. వారం తిరక్కుండా నన్ను తుర్విహాళ ఊరి దారిలో, మా ఇంటికి దగ్గర్లోనే ఉన్న బియ్యం మిల్లులో పెట్టారు. అక్కకి గేదెల్ని అప్పగించారు.

మిల్లులో నా పని వినడానికి సులువే. ట్రాక్టరు రాగానే బస్తాలోంచి గుప్పెడు వడ్లు తీసి, ఒక గింజ కొరికి, ఎండిందో పచ్చిదో చెప్పాలి. ఎండినది టక్కుమని విరుగుతుంది, పచ్చిది నలుగుతుంది. నాకు మాత్రం అన్నీ టక్కుమనేవి. (బెల్లం తిని పుచ్చిపోయిన నా దవడపన్ను కూడా టక్కుమనేది, అది వేరే సంగతి.) ఉద్యోగం పోతే నాన్న ముఖం ఎలా చూడాలో తెలియక, వడ్లు జేబుల్లో పోసుకుని, మంచినీళ్ళ వంకతో మిల్లు వెనకగోడ దూకి ఇంటికి పరిగెత్తేవాణ్ణి. అక్క పేడచేతులతోనే నోరు తెరిచేది, నేను గింజ వేసేవాణ్ణి. ఎడంజేబుది పచ్చి, కుడిజేబుది దివ్యంగా ఉంది, ఫో అనేది. నాలుగు నెలలు అలాగే గడిచాయి. రాయచూరు నుంచి వచ్చే మిల్లు సావుకారు నన్ను చూపించి, "ఈ పోరని నోట్ల మిషినున్నది" అని అందరికీ చెప్పేవారు. నేను సిగ్గుపడుతూ ఒప్పుకునేవాణ్ణి.

ఒకరోజు మూడు ట్రాక్టర్లు ఒకేసారి వచ్చాయి. నా ప్యాంటుకి రెండే జేబులు. మూడోరకం బుగ్గన పెట్టుకుని గోడ దూకాను. అక్క చూసి, "ఇది ఎండిందో లేదో దేవుడికెరుక, నువ్వు మాత్రం నానబెట్టేశావురా" అంది. మళ్ళీ గోడ దూకే ఓపిక లేక ఎండిందనే చెప్పేశాను. ఆ లోడు మిల్లాడిస్తే సగం నూకే వచ్చింది. సావుకారు పిలిచి రెండు ప్రశ్నలు అడిగారు. రెండోదానికే ఏడుస్తూ అంతా కక్కేశాను.

అక్కని పిలిపించారు. వెనకాలే నాన్న వచ్చారు. ఆరు బస్తాల్లోంచి గింజలు తీసిస్తే అక్క ఆరూ సరిగ్గా చెప్పింది. రేపట్నుంచి ఆమెనే రమ్మన్నారు సావుకారు. ఆడపిల్ల ట్రాక్టర్లవాళ్ళ మధ్య కూర్చుంటే బాగోదని నాన్న గొణిగారు.

"నాకు గింజ తెలిసిన నోరు గావాలె. అది ఎవరిదైతేంది?" అన్నారాయన.

నాన్న ఇంకా నసుగుతుంటే అక్క మెల్లిగా అంది. "నాలుగు నెలల్నుంచి చేస్తున్న పనే కదా నాన్నా. రేపట్నుంచి చెప్పులేసుకుని వెళ్ళి చేస్తాను, అంతే."

నాన్న ఒప్పుకున్నారు, తోడుగా నేను వెళ్ళాలన్న షరతు మీద. అక్క క్యారేజీ మోసుకెళ్ళి పక్కన స్టూలు మీద కూర్చోవడం నా రెండో ఉద్యోగం. అందులో మాత్రం ఏ తప్పూ చెయ్యలేదు.

ఇప్పుడు తేమ చూడటానికి మిషన్లొచ్చాయి. అయినా రైతులు మిషను చూశాక ఒకసారి అక్క ముఖం చూస్తారు. నేను అదే మిల్లులో లారీలు నింపిస్తుంటాను. నా మొదటి ఉద్యోగం తలుచుకుంటే నవ్వొస్తుంది, ఒక్కచోట తప్ప. ఆ గోడ దూకే రోజుల్లో ఓసారి అన్నం ఆలస్యమైందని, "పనికెళ్ళేది నేను, నువ్వు ఇంట్లో ఖాళీగానే ఉన్నావుగా" అని అక్కని కసిరాను. అప్పుడు ఆమె పంటి కింద నా వడ్లగింజ ఉంది.