నాచారంలో సెప్టిక్ ట్యాంకు గుంత

ఎనభైల చివర్లో నేను పురావస్తు శాఖలో చిన్న ఉద్యోగిని. పగిలిన కుండపెంకులు కడిగి, వాటి మీద నంబర్లు వేయడం నా పని. నాచారంలో అద్దెకుండేవాణ్ణి. ఒక ఆదివారం ఉదయం పక్క ప్లాటాయన తలుపు కొట్టారు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరై ఇల్లు కట్టుకుంటున్నారు.

“సారూ, సెప్టిక్ ట్యాంకుకు గుంత తవ్విస్తుంటే బండ అడ్డమొచ్చింది. కింద కుండలున్నయి. జర సూసిపో. మీ ఆఫీసుల మాత్రం చెప్పకు.”

వెళ్లి చూశాను. నిలబెట్టిన రాతిపలకల మధ్య నలుపు, ఎరుపు కుండలు, ఒక ఇనుప కొడవలి, కొన్ని ఎముకలు. రెండు వేల ఏళ్లు దాటిన సమాధి. మర్నాడు ఆఫీసులో చెప్పేశాను.

మావాళ్లు వచ్చి గుంత చుట్టూ తాడు కట్టారు. గార్డుగారు నాతో మాట్లాడటం మానేశారు. ఉప్పల్ నుంచి, మౌలాలి నుంచి జనం సైకిళ్ల మీద రాసాగారు. అందరిదీ ఒకటే ప్రశ్న, బంగారం దొరికిందా అని. లేదంటే నా జేబుల వైపు చూసేవారు. వచ్చినవాళ్లకు వివరించమని మా అధికారి నన్ను నిలబెట్టాడు. నేను “బృహత్ శిలాయుగం, అంటే పెద్ద బండలతో సమాధులు కట్టిన కాలం” అనగానే సగం మంది వెళ్లిపోయారు.

తన ప్లాటు గురించి ఇంకొకరు చెప్పడం నచ్చలేదేమో, గార్డుగారు టవలు భుజాన వేసుకుని ముందుకొచ్చారు. “లైన్ల రాండ్రి. గిది రాజుగారి సమాధి.” ఒక్కరూ అక్కణ్ణుంచి కదల్లేదు.

ఆయన్ను పక్కకు పిలిచాను. “రాజు కాదండీ. కొడవలి ఉందిగా, రైతు అయి ఉండొచ్చు.”

“రైతంటే ఎవడు సూస్తడు సారూ? రైతులు ఊళ్లె ఇప్పటికీ మస్తుమంది ఉన్నరు.”

మేం ఎముకలు కాగితంలో చుడుతుంటే ఆయన భార్య వచ్చి నిలబడింది. “ఈయనకు పెండ్లాం పిల్లలు ఉండెనా?”

“తెలియదమ్మా. ఆధారం లేదు.”

“ఎవ్వరు లేకుంటే గీ కుండలు ఎవరు పెట్టిన్రు మరి?”

అది విని గార్డుగారు వంగి గుంతలోకి చూశారు. తర్వాత వచ్చినవాళ్లకు కథ మార్చేశారు. “ఈయన రైతు. ఇంటోళ్లు అన్నం కుండలు పెట్టి సాగనంపిన్రు.” ఈసారీ ఒక్కరూ కదల్లేదు. ఒక ముసలమ్మ చెప్పులు విడిచి దండం పెట్టింది. నాకు కొంచెం అసూయ కలిగింది.

మా పని ముగిశాక గార్డుగారు ట్యాంకు ఇంటికి అవతలి వైపు తవ్వించుకున్నారు.

ఆరు నెలలకు ఆయన మా ఆఫీసుకు వచ్చారు, ఇస్త్రీ చొక్కాలో, భార్యతో సహా. స్టోర్‌రూమ్‌లో ఆ ఎముకలున్న అట్టపెట్టె దించి చూపించాను. ఆవిడ మూత మీది దుమ్ము కొంగుతో తుడిచింది. ఆయన పెట్టెకు అంటించిన చీటీ చదివారు.

“ఉప్పల్ మండలం అని రాసిన్రేంది? నాచారం ఏది?”

రూలు ప్రకారం చీటీ మార్చడానికి నాకు అధికారం లేదు. పెన్సిల్‌తో కింద “నాచారం” అని రాశాను. ఆయన రెండుసార్లు చదువుకుని, బస్సు టైమైందని బయల్దేరారు.