పాముచెవుల మేస్త్రీ భార్య

పనిచోట ఆమెను అందరూ జాయింట్లమ్మ అంటారు. జిప్సం బోర్డుల అతుకుల మీద టేపు అంటించి, పుట్టీ పట్టి, అతుకు ఎక్కడుందో పోల్చుకోలేకుండా చేయడం పద్దెనిమిదేళ్లుగా ఆమె పని. మొగుడు పాముచెవుల మేస్త్రీ. ఒక గదిలో మాట పక్కగదికి పోకుండా గోడ కట్టడంలో అతన్ని మించినవాడు లేడని పేరు. పని పూర్తయ్యాక గోడకు చెవి ఆనించి, "ఇదిగో, ఇక్కడ సందుంది" అని వేలు పెట్టి చూపేవాడు. గోడలకు చెవులుంటాయంటారే, అతని గోడలకు మటుకు ఆ చెవులు అతనే.

కోతమిషన్ల రొదకో ఏమో, ఆ చెవులు రెండేళ్ల కిందట మొండికేశాయి. సంగతి మూడో కంటికి తెలియదు. గోడ పరీక్ష వేళ ఆమె పక్కనే నిలబడి, శబ్దం వచ్చేచోట దుమ్ము దులిపినట్టు అరచేత్తో రాస్తుంది. అతను సరిగ్గా అక్కడే వేలు పెడతాడు. చూసేవాళ్లు ఆహా అంటారు. చెవుల డాక్టరు దగ్గరికి వెళ్దామంటే మాత్రం ససేమిరా అంటాడు. పుట్టీ బస్తా కంటే ఈ మొగుడి పరువే బరువెక్కువని ఆమె లోలోపల ఉడికిపోతుంది.

ఇప్పుడొక మనసు డాక్టరు ఆస్పత్రిలో పని తగిలింది. మొదటి గోడ బాగుంటే ఇంకా పదకొండు గదులు వీళ్లకే. గోడ కట్టినవాడికే చెవుడని బయటపడితే ఆ పనీ పోతుంది, పేరూ పోతుంది.

పరీక్ష రోజున ఆమె ఎప్పటిలాగే మొగుడి పక్కన నిలబడబోయింది.

"మీరు పక్కగదిలోకెళ్లి ఏదైనా మాట్లాడండమ్మా. మేమిద్దరం ఇక్కడ వింటాం," అన్నాడు డాక్టరు.

ఆమె మొగుడి పక్కనుంచి కదల్లేదు. మొగుడు మాత్రం వెళ్లు వెళ్లు అని చేయి ఊపాడు. ఏం వినపడి ఊపాడో దేవుడికే ఎరుక.

పక్కగదిలో తలుపు మూసుకుని, ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టింది. తర్వాత ఏం మాట్లాడాలో తోచలేదు. రెండు వైపులా రెండేసి బోర్డులు, నడుమ శబ్దాన్ని మింగే దూది, అతుకులన్నీ తన చేత్తో మూసినవే. ఇక్కడ ఎవరు వింటారు? రెండేళ్లుగా కడుపులో దాచుకున్నది ఒక్కసారిగా కట్టలు తెంచుకుంది.

"నా మొగుడికి వినపడదు! ఎన్నాళ్లని దాచను? నా వల్ల కావట్లేదు!"

ఏడుపు ఆపుకోవడానికి నోరు మూసుకుంది. అప్పుడు వినపడింది, గోడలోంచి మొగుడి గొంతు.

"చూశారా డాక్టరుగారూ! చీమ చిటుక్కుమన్నా వినపడదు!"

ఆ మాట ఇటు వచ్చిందంటే తన మాటా అటు వెళ్లినట్టే.

ఆమె తిరిగి వచ్చేసరికి మొగుడు నవ్వుతున్నాడు, డాక్టరు నేలచూపులు చూస్తున్నాడు.

"విన్నమాట దాచడం నా వృత్తేనమ్మా. నేనెవరికీ చెప్పను," అన్నాడు డాక్టరు నెమ్మదిగా. "కానీ నా దగ్గరికొచ్చి గోడు చెప్పుకునేవాళ్ల మాటేమిటి?"

ఇంతవరకూ ఆమె ఆలోచించింది మొగుడి గురించే. ఆ గదిలో రేపు తనలాగే ఏడవబోయేవాళ్లు ఇప్పుడు గుర్తొచ్చారు. సిగ్గుతో చచ్చిపోయింది. మొగుడి చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది.

"గోడ ఆపట్లేదయ్యా! నేనన్నదంతా ఆయన విన్నారు!"

"ఏమన్నావు?"

ఇప్పుడైనా అబద్ధం ఆడొచ్చు. ఆడలేదు, మళ్లీ అతని చెవిలోనే అరిచింది.

"నీకు వినపడదన్నాను."

అతను భార్యను చూశాడు, డాక్టరును చూశాడు. ఇక అందరి ముందూ తిడతాడనే అనుకుంది. అతను చెవి మీది పెన్సిల్ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"నేనటు వెళ్లి మాట్లాడతాను. ఎక్కణ్నుంచి వస్తోందో నువ్వే విని గీత పెట్టు," అని తలుపు తీసుకుని వెళ్లిపోయాడు.

ఆమె గోడకు చెవి ఆనించింది. రెండు గదుల స్విచ్ పెట్టెలూ నడుమ దూది లేకుండా వీపుకు వీపు ఆనించి బిగించిన చోటు నుంచి గొంతు వచ్చింది.

"డాక్టరుగారూ, నాకు చెవుడు. రెండేళ్లయింది. వినపడుతోందా?"