వీధి వరసలో సర్దిన నెత్తురు

విడివిడిగా యంత్రాలు కొనే స్తోమత లేక నాలుగు చిన్న ఆసుపత్రులు కలిసి పెట్టుకున్న ల్యాబులో మా చిన్నకోడలు పదేళ్లుగా పనిచేస్తోంది. మా పేటలో రోగాలెందుకు ఎక్కువో తేల్చడానికి ఇంటింటికీ తిరిగి మూడు వందల మంది నెత్తురు తీసుకుంది. ఆ గొట్టాలను వీధిలో ఇళ్లున్న వరసలోనే ఫ్రీజర్‌లో సర్దింది.

"అక్కడ కూడా నన్ను ఆ పక్కింటి వాగుడుకాయ పక్కనే పెట్టావా?" అని దెప్పాను.

మొన్న మంచుకు జిగురు వదిలేసి పేర్ల చీటీలన్నీ ఊడిపోయాయి. ల్యాబు పెద్ద డాక్టరు గొట్టాలన్నీ పారేయమన్నాడు. పారేస్తే మా పేటలో ఇంకెవరూ సూదికి చెయ్యి చాపరు. ముందు నేనే చాపను.

కోడలు బెదరలేదు. "ఏది ఎవరిదో నేను చెబుతాను సార్. కావాలంటే పది ఇళ్లలో మళ్లీ నెత్తురు తీసి గ్రూపులు సరిచూసుకోండి."

మొదట మా ఇంటికే వచ్చారు. "మీ కోడలికి అంత ధీమా ఏంటమ్మా?" అన్నాడు డాక్టరు, సూది గుచ్చుతూ.

"ఈ వీధిలో ఏ తలుపు కిర్రుమంటుందో కూడా దానికి తెలుసు బాబూ. మీ పక్కింటాయన పేరేంటో మీకు తెలుసా?"

ఆయన నవ్వేసి, గొట్టం మీద నా పేరు రాసుకున్నాడు.

పదికి పదీ సరిపోయాయి. కోడలు వరసగా పేర్లు చెబుతుంటే, కొత్త చీటీలు డాక్టరే కూర్చుని రాశాడు. తర్వాత నేనూ వెళ్లి చూశాను. నా పక్కన వాగుడుకాయే ఉంది. అక్కడైనా మూత బిగించుకుని ఉంది.