మెట్ల కింద ఫెబా బల్ల

కోపం మంచిది కాదని మా ఇంట్లో రోజూ చెబుతారు. మా ఆవిడ మస్తాన్‌బీ అయితే బీపీ మాత్ర చేతిలో పెడుతూ మరీ చెబుతుంది. వింటాను, మాత్ర మింగుతాను, షాపుకొచ్చి మళ్ళీ కోపంగానే కూర్చుంటాను. ఫెబా అనే పిల్ల కోపాన్ని రెండేళ్ళు పక్కనే కూర్చుని చూసినవాణ్ణి నేను. ఆ కోపం చేసిన మేలు ఈ బ్రాడీపేటలో ఏ మంచితనమూ చెయ్యలేదు. ఎవరేమన్నా సరే, నా మాట ఇదే.

నా పేరు బుడే. గుంటూరు బ్రాడీపేటలో ఒక పాత బిల్డింగు మెట్ల పక్కన నాకు జిరాక్సు షాపుంది. అందులోనే ఎస్టీడీ బూత్. ఆ మెట్లెక్కితే పైన మార్క్ గారి ఆఫీసు. విదేశాల్లో డాక్టరు చదువుకి సీట్లిప్పిస్తానని బోర్డు. రష్యా, ఉక్రెయిన్, కిర్గిజిస్తాన్, చైనా, ఏది కావాలంటే అది. గోడ నిండా మంచులో నిలబడి నవ్వుతున్న పిల్లల ఫొటోలు. వచ్చిన మనిషిని బట్టి ఆయన పద్ధతి మారేది. మావాళ్ళొస్తే సలాం చెప్పి ఇన్షా అల్లా అనేవాడు. హిందువులొస్తే ఫైలుకి పసుపూ కుంకుమా పెట్టించేవాడు. క్రైస్తవులొస్తే సర్టిఫికెట్ల కవరు మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేవాడు.

ఆ ప్రార్థన దగ్గరే ప్రేమదాసు గారు దెబ్బతిన్నారు.

ప్రేమదాసు గారు ఫెబా వాళ్ళ నాన్న. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో ముప్పై ఏళ్ళుగా గుమాస్తా. రైతు తెచ్చిన టిక్కీ, అదే మిర్చి బస్తా, దాని నాణ్యం చూసి చెప్పడం ఆయన పని. పైన ఎర్రగా మెరిసే కాయ పోసి, అడుగున తెల్లబారిన తాలు కాయ కూరేవాళ్ళుంటారు. అందుకని ఆయన పైకాయ ముట్టుకునేవారే కాదు. చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతి దాకా లోపలికి దూర్చి, అడుగు నుంచి గుప్పెడు తీసేవారు. ఆ గుప్పెడు చూసి ఆయన చెప్పిన మాటకి యార్డులో తిరుగుండేది కాదు.

అలాంటి మనిషి 2003 జూన్‌లో కూతుర్ని వెంటబెట్టుకుని ఆ మెట్లెక్కారు. ఫెబాకి ఎంసెట్‌లో ర్యాంకు రాలేదు. డాక్టరు చదువు తప్ప ఇంకోటి చదవనని కూర్చుంది. టెన్త్ మార్కుల లిస్టు, ఇంటర్ మార్కుల లిస్టు, టీసీ, అన్నీ ఒరిజినల్సే మార్క్ చేతిలో పెట్టారు. ఆయన కవరు మీద చెయ్యి పెట్టి, ఆ పిల్ల తెల్లకోటు వేసుకుని పల్లెటూళ్ళో పేదవాళ్ళకి వైద్యం చేసేదాకా ప్రార్థించి, ఆమెన్ అని, ఒక కాగితాల కట్ట ముందుకు జరిపాడు. ప్రేమదాసు గారు చదవకుండా సంతకాలు పెట్టేశారు. ప్రార్థన చేసిన కాగితాల్ని తిరగేసి చూస్తే దేవుణ్ణే అనుమానించినట్టుంటుంది అనుకున్నాను బుడే గారూ అని తర్వాత నాతో ఆయనే అన్నారు. ఆ కట్టలో అడుగు కాగితం మీద ఏముందంటే, పిల్ల విదేశంలో చేరేదాకా, లేదా తన ఇష్టప్రకారమే మానుకున్నానని రాసిచ్చేదాకా, ఒరిజినల్స్ ఆఫీసులోనే ఉంటాయని.

కాలేజీలో చేరాల్సిన సెప్టెంబరు వచ్చింది, పోయింది. అడిగినప్పుడల్లా "కాలేజీ ఇన్విటేషన్ దారిలో ఉందమ్మా" అనేవాడు మార్క్. చివరికి ఫెబా నా బూత్‌లోకొచ్చి, కిర్గిజిస్తాన్‌లో మార్క్ పేరు చెప్పిన కాలేజీకే ఫోన్ చేసింది. ఇంగ్లీషులో పేరు చెప్పింది, మళ్ళీ ఒక్కో అక్షరం చెప్పింది. ఆ పేరుతో మాకు అప్లికేషనే రాలేదన్నారు అవతల. అసలు సంగతి నాకు తెలుసు. ఏ కాలేజీ తనకి కమీషన్ ఎక్కువిస్తే అటు తోలదామని మార్క్ పిల్లల్ని అలా ఆపి ఉంచేవాడు. ఒరిజినల్స్ తన బీరువాలో ఉంటే వాళ్ళెక్కడికీ పోలేరు కదా. ఇంతసేపూ మర్యాదగా మాట్లాడాను, ఇక నా వల్ల కాదు. ఆ వెధవకి అప్పటికే పదిమంది పిల్లల ఏడాదులు మింగిన అనుభవం ఉంది.

ఫెబా ఫోన్ పెట్టేసి పైకెళ్ళింది. పావుగంటలో దిగి వచ్చింది. చేతిలో ఏమీ లేదు.

"ఇష్టప్రకారం మానుకున్నానని రాసిస్తే ఇస్తాడంట బాబాయ్. నేను మానుకోలేదు. నువ్వు పంపలేదు, కావాలంటే అది రాసిస్తానన్నాను. నవ్వాడు."

సంతకం పెట్టేసి తెచ్చుకోమని వాళ్ళ చర్చిలో పెద్దలు చెప్పారు. పెట్టనంది. పోలీసు స్టేషనుకెళితే అక్కడి రైటరు, పాపం మంచివాడే, ఇంకో దారి చెప్పాడు. సర్టిఫికెట్లు బస్సులో పోయాయని కంప్లయింటు రాస్తే ఆ కాగితంతో డూప్లికేట్లు తెచ్చుకోవచ్చన్నాడు. ఫెబా కుర్చీలోంచి లేచింది.

"పోలేదండీ. బ్రాడీపేటలో బీరువాలో ఉన్నాయి. పోయాయని నేనెందుకు రాయాలి?"

నేనూ తిట్టాను. రాసి పారెయ్యవే, నీ సీటు నీకొస్తుంది, వాడి సంగతి దేవుడు చూసుకుంటాడు అన్నాను. "దేవుడి పేరు చెప్పే కదా బాబాయ్ తీసుకున్నాడు" అంది.

ఈలోగా యార్డులో ప్రేమదాసు గారి సంగతి తెలిసిపోయింది. ఒకరోజు ఎవడో రైతు, తన సరుకు తాలని ఆయన చెప్పినందుకు ఉక్రోషంతో, "నీ కూతురి కాగితాల అడుగు చూసుకోలేదు గానీ నా టిక్కీ అడుగు చూడొచ్చావా" అన్నాడు. నలుగురూ నవ్వారంట. ఆయన మడిచిన చొక్కా చెయ్యి దించుకుని ఇంటికొచ్చేశారు. ఆ తర్వాత యార్డుకెళ్ళినా లెక్కలు రాసుకోవడమే గానీ బస్తాలో చెయ్యి పెట్టలేదు.

ఆ సంగతి విన్న మర్నాడే ఫెబా నా షాపుకొచ్చి, "బాబాయ్, మెట్ల దగ్గర ఒక బల్ల వేసుకుంటాను" అంది. వద్దందామనుకున్నాను. మార్క్ నాకు రోజూ రెండొందల పేజీల గిరాకీ. ఐదేళ్ళుగా ఎవరు ఏం పట్టుకుని పైకెళ్ళారో, ఎవరు ఖాళీ చేతులతో ఏడుస్తూ దిగారో చూస్తూ, నోరు మూసుకుని జిరాక్సులు తీసినవాణ్ణి నేనే. సిగ్గేసి సరే అన్నాను. బల్ల నాదే ఇచ్చాను.

రెండేళ్ళు కూర్చుందండీ అక్కడ. అరవలేదు, ఎవర్నీ తిట్టలేదు. జిరాక్సుకి ఆగిన ప్రతి తల్లినీ తండ్రినీ కూర్చోబెట్టి, "ఒరిజినల్స్ ఇవ్వొద్దండీ, కాపీలు చాలు" అని చెప్పేది. కాలేజీకి నా బూత్ నుంచే ఫోన్ చేయించేది. వెళ్ళేముందు ఢిల్లీ నుంచి తెచ్చుకోవాల్సిన సర్టిఫికెట్ ఒకటుంది, అది లేకపోతే తిరిగొచ్చాక ఇక్కడ డాక్టరుగా చెయ్యడానికి పెట్టే పరీక్ష రాయనివ్వరు. ఆ సంగతి మార్క్ ఎవరికీ చెప్పేవాడు కాదు. ఈ పిల్ల ఫారాలు తెప్పించి దగ్గరుండి నింపించేది. పైనుంచి ఏడుస్తూ దిగినవాళ్ళని ఆపి, బీరువాలో చిక్కుకున్న వాళ్ళ పిల్లల పేర్లు ఒక నోటుబుక్కులో రాసుకునేది. అలా ఇరవైమంది దాకా తిన్నగా అప్లై చేసుకుని విమానం ఎక్కారు. ఎక్కే ప్రతి పిల్లనీ చూసి ఫెబా నవ్వేది. వాళ్ళు సందు మలుపు తిరిగాక ఆ నవ్వుండేది కాదు. ఎవరి ఫారమైనా నింపగలదు, తనది తప్ప. ఒరిజినల్స్ లేవు మరి.

2005 జూలైలో ఒక పొద్దున మార్కే దిగొచ్చాడు. ఆ నెలంతా పైకి ముగ్గురే ఎక్కారు, నేను లెక్కపెట్టాను. చేతిలో ఆ పాత కవరుంది.

"చూడమ్మా, గొడవెందుకు. ఏ సంతకమూ వద్దు. నీ కాగితాలు నువ్వు తీసుకో. ఒక్కటే షరతు. రేపటి నుంచి నువ్వీ మెట్ల దగ్గర కనపడకూడదు."

కిర్గిజిస్తాన్ అప్లికేషన్లకి ఇంకా ఇరవై రోజులే గడువు. ఆమెకది చివరి అవకాశం, మూడో ఏడు కూడా పోతే వాళ్ళమ్మ పెళ్ళి చేసేస్తానని కూర్చుంది. బల్ల ఎదురుగా నసీమున్నీసా అనే ఆవిడ, కూతురు సాజిదా సర్టిఫికెట్లు పట్టుకుని, ఏమీ అర్థంకాక చూస్తోంది. ఫెబా ఆవిణ్ణి చూసింది, కవరుని చూసింది.

"మా నాన్న వచ్చి తీసుకుంటారు" అంది.

ప్రేమదాసు గారు సైకిల్ మీద వచ్చారు. మార్క్ అలవాటు కొద్దీ కవరు మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. ప్రేమదాసు గారు మూసుకోలేదు. చొక్కా చెయ్యి మడిచి, వాడి చేతికింద నుంచే కవరులోకి దూర్చి, అడుగు కాగితం ముందు లాగారు. టీసీ. తర్వాత ఇంటర్. తర్వాత టెన్త్. వెలుగులో పెట్టి సీళ్ళు చూశారు. అన్నీ అసలువే.

"మాటిస్తున్నాను. రేపటి నుంచి నేను కనపడను" అంది ఫెబా.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంతేనా, రెండేళ్ళ పంతం మూడు కాగితాలకేనా, రేపు సాజిదా గతేంటి అని నిలదీశాను. "మాటిచ్చాను కదా బాబాయ్" అని, నోటుబుక్కు తీసుకుని నాన్న సైకిలెక్కి వెళ్ళిపోయింది. ఆ రోజు మస్తాన్‌బీ నాకు రెండు మాత్రలిచ్చింది.

మర్నాడు షట్టరు ఎత్తబోతే బల్ల దగ్గర ప్రేమదాసు గారు కూర్చుని ఉన్నారు. యార్డులో సెలవు పెట్టారంట. ముందు ఫెబా నోటుబుక్కు. చుట్టూ అందులో పేర్లున్న పిల్లల తల్లులూ తండ్రులూ, ఇరవైమందికి పైనే. వాళ్ళందరికీ ఫెబా సాయంత్రమే కబురంపింది. నసీమున్నీసా కూడా వచ్చింది. నాకప్పుడు అర్థమైంది ఆ పిల్ల ఏం చేసిందో. కనపడనని మాటిచ్చింది తనొక్కతే.

పదింటికి మార్క్ వచ్చి ఆగిపోయాడు.

"ఏంటండీ ఇది? అమ్మాయి మాటిచ్చిందిగా."

"ఇచ్చింది, నిలబెట్టుకుంది. ఇంట్లో ఫారం నింపుకుంటోంది" అన్నారు ప్రేమదాసు గారు. లేచి నిలబడ్డారు. "పైకెళ్ళేముందు ఒక్క నిమిషం కళ్ళు మూసుకోండి మార్క్ గారూ. ప్రార్థన చేద్దాం. ఈసారి నేను చేస్తాను."

అంతమందీ తలలు వంచేశారు. మా నసీమున్నీసా కొంగు తలమీదికి లాక్కుని చేతులు చాపింది. ఇన్నేళ్ళు ప్రార్థనతోనే బతికినవాడు ఇప్పుడు కాదని ఎటు పోతాడు? మూసుకున్నాడు.

"ప్రభువా, పైన బీరువాలో ఎవరి బిడ్డల సర్టిఫికెట్లున్నాయో నీకు తెలుసు. అయినా చదువుతున్నాను" అని ప్రేమదాసు గారు నోటుబుక్కు తెరిచారు. దేవకుమారి. అస్లాం. తోమా. సిద్దికా. ఒక్కో పేరుకీ ఆ బిడ్డ తల్లో తండ్రో ఆమెన్ అంటున్నారు. రోడ్డు మీద వెళ్ళే ఆటోలు ఆగుతున్నాయి. మార్క్ మొహం నుంచి చెమట కారుతోంది, కళ్ళు మాత్రం తెరవలేకపోతున్నాడు. మొత్తం పదిహేడు పేర్లు. పదిహేడు సార్లూ నేను కూడా ఆమెన్ అన్నాను, అల్లా నన్ను క్షమిస్తాడు.

ఫెబా ఆ సెప్టెంబరులో కిర్గిజిస్తాన్‌లోని బిష్కెక్ వెళ్ళింది. ఇప్పుడు మూడో ఏడు చదువుతోంది. నాకు మాత్రం బాగా గుర్తున్నది ఆ మధ్యాహ్నం. ఒంటిగంటకల్లా మార్క్ తన చేతులతో తనే పదకొండు కవర్లు కిందికి తెచ్చిచ్చాడు. ప్రేమదాసు గారు ఒక్కోదాంట్లో అడుగుదాకా చెయ్యి పెట్టి, తీసి, చూసి, ఎవరివి వాళ్ళకిచ్చారు. మిగతా ఆరూ వెతకాలి, టైం పడుతుందన్నాడు మార్క్.

"పర్లేదండీ, తొందరేం లేదు. రేపు పొద్దున మళ్ళీ ప్రార్థన పెట్టుకుందాం" అన్నారు ప్రేమదాసు గారు, చొక్కా చేతులు దించుకుంటూ.