అడ్డం చెప్పారు, నిలువు చెప్పలేదు

మా సీ లాంగ్వేజి సార్ పోయారు. మొన్న పొద్దున, ఎల్బీనగర్‌లో, ఇంట్లో మంచం మీదనే. ఆయన చివరి మాట నాకు సగమే అందింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక టిఫిన్ సెంటర్ పైఅంతస్తులో ఆయన క్లాసు. మీలో సీ నేర్చుకున్నవాళ్లకు గోటూఎక్స్‌వై అనే కమాండ్ గుర్తుండే ఉంటుంది. అడ్డంగా ఎన్నో గడి, నిలువుగా ఎన్నో గడి అని చెప్తే కర్సర్ పోయి నల్లటి తెర మీద అక్కడ నిలబడుతుంది. లెక్కల క్లాసులో మాత్రికలకు వరుస సంఖ్య ముందు రాసే అలవాటు కొద్దీ మేము నిలువు ముందు రాసేవాళ్లం. తెర మధ్యలో పడాల్సిన మా పేరు ఏ మూలకో పోయేది.

"ఏంది బిడ్డా, సైదాబాద్ పొమ్మంటే నాగోల్‌ల దిగినవ్?" అని నవ్వి, క్లాసులో పరిచిన టైల్స్ మీద మమ్మల్నే కర్సర్లను చేసి నడిపించేవారు. "ముందు అడ్డం, తర్వాత నిలువు. చోటు చూస్కోని మాట పెట్టాలె." నాకు నోటి దురుసు ఎక్కువ. ఆ రెండో ముక్క నన్ను చాలా చోట్ల కాపాడింది.

పక్షవాతం వచ్చి సార్‌కి మాట పడిపోయింది. దవాఖాన నుంచి తెచ్చాక వేళ్లు మాత్రం కాస్త కదిలేవి. ఆయనకేం కావాలో తెలియక అమ్మ ఏడ్చేది. సార్ భార్యను మేమంతా అమ్మా అనే పిలుస్తాం. నేనొక అట్ట మీద గడులు గీసి, గడికో మాట రాశాను. నా చెయ్యి ఎన్నిసార్లు నొక్కితే అన్నో గడి, ముందు అడ్డానికి, కాస్త ఆగి నిలువుకి. సార్‌కి వివరించే పనే పడలేదు. మొదటి రోజే చాయ్ అడిగారు. అమ్మ ఎన్నాళ్లకో నవ్వింది.

మొన్న రెండుసార్లు నొక్కారు. అడ్డంగా రెండో గడి. నిలువు కోసం చూస్తున్నాను. చెయ్యి వదులైపోయింది.

"సార్, నిలువు చెప్పండి సార్!" అని అరిచాను. పట్టుకుని ఊపాను.

"ఏమడిగిన్రు బిడ్డా? జర చెప్పవే," అంది అమ్మ.

"తెల్వదమ్మా. ఆ రెండో గడి కింద నాలుగు మాటలున్నయ్. నీళ్లు, ఫ్యాను, కిటికీ, పక్కన కూర్చో. అండ్ల ఏదో ఒకటి."

"ఏది?"

అట్ట మీద ఆ నాలుగు గడులూ ఒక్కొక్కటే వేలితో చూపించాను.

నిన్న మళ్లీ వెళ్లాను. తలగడ దగ్గర గ్లాసు నిండా నీళ్లు. ఫ్యాను తిరుగుతోంది. కిటికీ రెక్కలు రెండూ తీసి ఉన్నాయి. ఖాళీ మంచం పక్కన అమ్మ కూర్చుని ఉంది.